గడగడా చదువుతాడు, అర్థం అడిగితే దిక్కులు చూస్తాడు

పాలకొల్లు దగ్గర్లోని ఒక ఊరి నుంచి ఇద్దరు పిల్లల తల్లి పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయవద్దన్నారు. అందులోని సంగతులు కుదించి చెబుతాను.

ఆవిడ డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదువుకున్నారు. భర్త రొయ్యల చెరువులు లీజుకి తీసుకుని చేస్తారు. అత్తమావలు కలిసే ఉంటారు. బాబుకి తొమ్మిదేళ్లు, టౌన్లో ఇంగ్లీష్ మీడియం స్కూల్లో నాలుగో తరగతి. పొద్దున్న ఏడున్నరకి బస్సెక్కితే మళ్లీ ఇల్లు చేరేది సాయంత్రం ఐదు దాటాకే. పాపకి ఐదేళ్లు, అదే స్కూల్లో యూకేజీ.

బాబు ఇంగ్లీష్ పుస్తకం గడగడా చదివేస్తాడు. తెలుగూ తడబడకుండానే చదువుతాడు. ఏం చదివావురా అని అడిగితే మాత్రం దిక్కులు చూస్తాడు. ఈ మధ్య వరదల మీద ఒక పాఠం వచ్చింది. నది గట్లు దాటి పొంగింది అని చెప్పే చోట 'బ్యాంక్స్' అని ఉంది. అర్థం చెప్పమంటే, "నీళ్లు బ్యాంకుల్లోకి వచ్చేశాయి, డబ్బులన్నీ తడిసిపోయాయి" అన్నాడట. ఇంటిల్లిపాదీ నవ్వారు. వాడు పుస్తకం విసిరేసి వెళ్లిపోయాడు.

ఏడాది నుంచి ఈవిడ వాడి చేత రోజుకి పది ఇంగ్లీష్ మాటలు, వాటి అర్థాలు నోట్సులో రాయిస్తున్నారు. శనివారం స్కూల్లో మీనింగ్స్ టెస్ట్ పెడతారు. పదికి పది వస్తాయి. తర్వాతి వారం అదే మాట పాఠంలో ఎదురైతే ఎప్పుడూ చూడనట్టే చూస్తాడు. ఇప్పుడు ఆ నోట్సు తియ్యమంటే చాలు, కడుపు నొప్పి అంటున్నాడు.

పేరెంట్స్ మీటింగ్‌లో టీచర్ "ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి, వొకాబులరీ దానంతటదే పెరుగుతుంది" అన్నారు. ఆ మాట పట్టుకుని ఈవిడ ఇంట్లో ఒక నియమం పెట్టారు. "అన్నం అనకండి అత్తయ్యా, రైస్ అనండి" అని అత్తగారితో అన్నారు. మావగారికి రాత్రిపూట పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని వరదలూ, లంకలూ, పడవ ప్రయాణాలూ అంటూ కబుర్లు చెప్పడం అలవాటు. "బోదె, తూము, దాళ్వా అని వీడు స్కూల్లో అంటే నవ్వుతారు మావయ్యా" అని ఒకసారి అన్నాక ఆయన మానేశారు. (బోదె అంటే పంట కాలువ, తూము అంటే నీళ్లు వదిలే దారి, దాళ్వా అంటే రెండో పంట.) భోజనం కాగానే అరుగు మీద ఒక్కరే కూర్చుంటున్నారు. అత్తగారు మాత్రం "ఇంట్లో నోరు విప్పాలంటే భయంగా ఉంది" అని నలుగురిలో అనేశారు. దీనికి తోడు, హైదరాబాదులో ఉండే ఆడపడుచు కొడుకు, ఈ వయసువాడే, సంక్రాంతికి వచ్చి ఇంగ్లీషులో దంచేసి వెళ్లాడు. అప్పటి నుంచి భర్త పోలికలు పెడుతున్నారు.

లిస్టు ఆపాలా, పెంచాలా? పాపకి ముందు చదవడం వచ్చాక మాటలు నేర్పాలా, రెండూ కలిపే నేర్పాలా? మూడు వేల మాటల పుస్తకం, ఫ్లాష్ కార్డులు, యాప్ చందా కలిపి ఒక ప్యాకేజీ అమ్మడానికి ఒకాయన వెంటపడుతున్నాడు, కొనాలా? ఇవీ ఆవిడ ప్రశ్నలు. చివర్లో ఒక వాక్యం: "మావయ్యగారితో ఏమని చెప్పుకోవాలో తెలియడం లేదు."

*

అమ్మా,

ముందు ఆ బ్యాంకు సంగతి. మీ వాడు చెప్పింది తప్పే గానీ తెలివితక్కువ జవాబు కాదు. ఆ మాటకి వాడికి తెలిసిన అర్థం ఒక్కటే. దాన్ని పట్టుకునే వాక్యానికి అర్థం అల్లాడు. నీళ్లు వచ్చాయి, బ్యాంకులోకి వచ్చాయి, అయితే డబ్బులు తడుస్తాయి కదా! అర్థం కోసం వెతుక్కునే పిల్లాడే ఇలా అంటాడు. పట్టించుకోని పిల్లాడు "నది పొంగింది" అని గైడులో వాక్యం అప్పజెప్పేస్తాడు. మీరందరూ కావాలని నవ్వలేదు, తెలుసు. కానీ ఆ నవ్వు తర్వాత, తెలియనప్పుడు నోరు విప్పకపోవడమే మేలని వాడికి అనిపించి ఉంటుంది. దిక్కులు చూడటంలో కొంత భాగం అదే కావచ్చు. కాబట్టి ఇంట్లో అందరికీ చెప్పండి, వాడు ఏం చెప్పినా "అలా ఎందుకనుకున్నావు నాన్నా?" అని అడగాలే తప్ప నవ్వకూడదని.

గడగడా చదివేవాడికి అర్థం ఎందుకు కావడం లేదన్నది మీ అసలు బాధ. అచ్చులో ఉన్నదాన్ని గొంతులోకి తెచ్చుకోవడం ఒక పని, ఆ భాష తెలిసి ఉండటం ఇంకో పని. అవి రెండూ కలిస్తేనే చదివింది అర్థమవుతుంది. 1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని కూడికగా కాక గుణకారంగా రాశారు. ఒకటి ఎంత బాగున్నా రెండోది సున్నా అయితే జవాబు సున్నాయే. తెలుగులో ఈ తేడా పైకి తేలదు. గుణింతాలు, ఒత్తులు వచ్చేశాయంటే పిల్లలు ఏ పుస్తకమైనా పైకి చదివేస్తారు, అర్థం తెలిసినా తెలియకపోయినా. అందుకే మన ఇళ్లల్లో గట్టిగా, తప్పుల్లేకుండా చదివితే చదువు వచ్చేసినట్టే లెక్క. ఇంగ్లీష్ స్పెల్లింగు మన లిపిలా రాసినట్టు పలికేది కాదు. ఆ గండం మీ వాడు దాటేశాడు. తక్కువ సంగతేం కాదది.

ఇక మిగిలిన సగంలో ఎక్కడ తేడా వస్తోందో తెలియకుండా మందు వేయకూడదు. ఈ ఆదివారం ఒక పని చేయండి. వాడి పుస్తకంలో ఇంకా చెప్పని పాఠంలోంచి ఒక పేరా వాడి చేత చదివించి, ఏముందో వాడి మాటల్లో చెప్పమనండి, తెలుగులోనే. కాసేపయ్యాక అలాంటిదే ఇంకో పేరా మీరు చదివి వినిపించి అడగండి. చివరగా మూడో పేరా మీరే చదువుకుని, అందులోని సంగతి తెలుగులో కథలా చెప్పి అడగండి.

మీరు చదివితే అర్థమై, వాడు చదివితే కాకపోతే, పైకి చదివే పనికే వాడి బుర్ర అంతా ఖర్చవుతోందని అర్థం. మెల్లగా, చిన్న చిన్న ముక్కలుగా చదివిస్తే సర్దుకుంటుంది. ఇంగ్లీషులో వినిపించినా అర్థం కాక, తెలుగులో చెబితే చక్కగా తిరిగి చెబితే, లోటు ఇంగ్లీష్ మాటల్లోనే ఉంది, తెలివిలో లేదు. మీ ఉత్తరం చూస్తే నాకు ఇదే అనిపిస్తోంది. తెలుగులో చెప్పినా తిరిగి చెప్పలేకపోతే మాత్రం లిస్టులూ పుస్తకాలూ పక్కన పెట్టి, ముందు పిల్లల డాక్టరుకి చూపించి చెవి పరీక్ష కూడా చేయించండి. కడుపు నొప్పి సెలవు రోజుల్లో, ఆటల మధ్యలో కూడా వస్తుంటే అదీ డాక్టరుకి చెప్పాల్సిందే. నోట్సు తీసినప్పుడే వస్తుంటే మందు ఏమిటో మీకే తెలుసు.

ఇక లిస్టు. పదికి పది రావడం అబద్ధం కాదు, శనివారం దాకా వాడికి ఆ మాటలు నిజంగానే వచ్చు. శుక్రవారం రాత్రి ఎక్కించుకున్నది సోమవారానికి జారిపోవడం వాడొక్కడి లోపమూ కాదు. ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పండితుడు అర్థం లేని అక్షరాల ముక్కల్ని తనే బట్టీపట్టి, ఎంతసేపట్లో ఎంత మర్చిపోతున్నాడో లెక్కగట్టి 1885లోనే అచ్చువేశాడు. మీ నోట్సులో మాటలకి అర్థాలు ఉన్నాయి గానీ, ఒకదానితో ఒకదానికి పొత్తు లేదు. పక్కపక్కన ఉన్న పది మాటలు ఏ కథలోవీ కావు, ఏ వస్తువువీ కావు. మాటకి ఎదురుగా ఇంకో మాట, అంతే. ఒకే అర్థం రాసుకుంటే ఏమవుతుందో బ్యాంకు దగ్గర చూశారు కదా.

లిస్టు ఇలాగే కొనసాగించవచ్చు. శనివారం మార్కులు నిలుస్తాయి, మీ ఆయనకి చూపించడానికి ఉంటుంది. కానీ వాడికి ఇంగ్లీష్ పుస్తకం అంటే ఇప్పుడున్న విసుగు ఇంకా ముదురుతుంది. ఐదో తరగతి దాటాక సైన్సు, సోషల్ పాఠాలు పొడుగవుతాయి. అప్పుడు అర్థం తెలియకుండా లాగడం కష్టం.

పూర్తిగా ఆపేసి, కథల పుస్తకాలు ఇచ్చి వదిలేయవచ్చు. ఇది మంచి మార్గమే. చదువుతూ చదువుతూ పిల్లలు మాటలు పట్టుకుంటారు, మనలో చాలామందికి తెలుగు అలాగే వచ్చింది. కాకపోతే నిదానం. దీని మీద జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి 1999లో లెక్క చూస్తే, మామూలుగా చదువుకుంటూ పోతే ఎదురైన కొత్త మాటల్లో నూటికి 15 దాకానే వంటపడుతున్నాయని తేలింది. అదీ వాక్యంలో మిగతా మాటలు చాలావరకు తెలిసి ఉంటేనే సాగుతుంది. మీ వాడికి వాక్యంలో సగం మాటలు తెలియకపోతే ఏ ఆధారంతో ఊహిస్తాడు? పుస్తకం మూసేస్తాడు.

మూడోది, చదువుతున్నదాంట్లోంచే రెండు మూడు మాటలు తీసుకుని, చదువుతూ ఉండగానే వాటి గురించి మాట్లాడటం. నా మొగ్గు దీనివైపే. మీకు శ్రమ ఉంటుందని ముందే చెబుతున్నాను. సాయంత్రం ఇరవై నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి వాడితో కూర్చోవాలి. వంట పని మధ్యలో కుదరదు.

ఆ వరద పాఠమే తీసుకుందాం. పుస్తకం తెరవక ముందే కాసేపు గోదావరి కబుర్లు చెప్పుకోండి. వర్షాకాలం వస్తే ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని టీవీలో చెబుతూనే ఉంటారు. వాడూ వినే ఉంటాడు. హెచ్చరిక అంటే ఏమిటి, ఎవరికి, ఎందుకు అని అడగండి. అప్పుడు పుస్తకం తెరిస్తే 'వార్న్' అనే మాట వచ్చేసరికి మీరు అర్థం చెప్పే పనే ఉండదు, వాడే అంటాడు. అక్కడితో వదలకండి. "నిన్ను తాతయ్య ఎప్పుడు వార్న్ చేశారు?" అంటే, "చెరువు గట్టు మీద పరిగెత్తొద్దన్నప్పుడు" అంటాడు. "చెల్లిని నువ్వు ఎందుకు వార్న్ చేస్తావు?" అంటే ఇంకోటి చెబుతాడు. 'డామేజ్' వచ్చిందనుకోండి, కరెంటు పోయి, నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లు ఆగిపోతే నాన్న చెరువులో ఏది డామేజ్ అవుతుందో అడగండి. వరదకి ఏవేవి డామేజ్ అవుతాయో వాడే చెప్పుకుపోతాడు, గట్టు, రోడ్డు, చేను, అరటి తోట అంటూ. ఒక్క మాటని ఇలా నాలుగైదు చోట్ల వాడాక ఇక అది నోట్సులో మాట కాదు.

ఏ మాటలు ఎంచుకోవాలన్నది మీకు పెద్ద సందేహంలా ఉంది. ఇజబెల్ బెక్, మార్గరెట్ మెకౌన్ అనే అమెరికన్ అధ్యాపకురాళ్లు మాటల్ని మూడు రకాలుగా విడదీశారు. ఇంట్లో, వీధిలో రోజూ వినపడేవి ఒక రకం. ఒక్క విషయానికే పనికొచ్చే శాస్త్రం మాటలు ఇంకో రకం. ఈ రెండిటి మధ్య, కథలోనూ సైన్సులోనూ సోషల్‌లోనూ, ఎక్కడ పుస్తకం తెరిచినా తగిలే మాటలు కొన్ని ఉంటాయి, వార్న్, డామేజ్, రీచ్, ప్రొటెక్ట్ లాంటివి. మీ ఇరవై నిమిషాలు వీటికి పెట్టండి. 'ఎంబాంక్‌మెంట్' లాంటిది వస్తే "ఏటిగట్టురా" అని చెప్పేసి ముందుకి వెళ్లిపోండి. అన్నీ నేర్పాలని కూర్చుంటే కథ చచ్చిపోతుంది. వాక్యానికో మాట దగ్గర ఆగినా అంతే. మీ వాడి ఇంగ్లీష్‌కి బేస్ తక్కువ కాబట్టి మొదట్లో తేలిక మాటల్లోనూ కొన్ని తెలియనివి ఉంటాయి. వాటికి అక్కడికక్కడే తెలుగులో అర్థం చెప్పేయండి, తప్పేం లేదు.

ఆ రెండు మూడు మాటలు మళ్లీ మళ్లీ ఎదురుకావాలి. మర్నాడు బస్సు కోసం నిలబడ్డప్పుడు ఒకసారి, రెండు రోజులాగి అన్నాల దగ్గర ఒకసారి, వచ్చే వారం ఇంకోసారి. కొత్తగా నాటిన కొబ్బరి మొక్కకి వారం నీళ్లన్నీ ఒక్కరోజే పోస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అడిగేటప్పుడు "మీనింగ్ ఏంటి?" అనకండి, ఆ మాట వినగానే వాడికి నోట్సు గుర్తొస్తుంది. ఆ మాటని మీరే ఎక్కడో ఒకచోట వాడేయండి.

మరి శనివారం టెస్టు? స్కూలు మానదు. టీచర్‌తో ఒకసారి మాట్లాడి చూడండి, మీనింగ్ బదులు సొంత వాక్యం రాయమంటారేమోనని. ఒప్పుకుంటే మంచిదే. అంతమంది పిల్లల నోట్సులు దిద్దే టీచరుకి అది అదనపు పని, ఒప్పుకోకపోయినా ఆవిణ్ణి తప్పుపట్టలేం. అప్పుడు శుక్రవారం సాయంత్రం పది నిమిషాలు లిస్టు చూసుకోనివ్వండి, అంతే. పదికి ఏడో ఎనిమిదో వస్తాయి కొన్నాళ్లు. ఆ మార్కులు చూసి మీరిద్దరూ టెన్షన్ పడకుండా ఉండగలరా అన్నది మీలో మీరు ముందే తేల్చుకోండి. ఉండలేమనుకుంటే లిస్టు సగానికి తగ్గించి మొదలుపెట్టండి. ఒకేసారి ఆపేసి, వారం తిరక్కుండా మళ్లీ మొదలుపెడితే వాడికి మీ మాట మీద గురి పోతుంది.

ఇప్పుడు ఇంట్లో మాట సంగతి. టీచర్ చెడ్డ ఉద్దేశంతో అనలేదు. తల్లిదండ్రులకి ఇంగ్లీష్ ధారాళంగా వచ్చిన ఇళ్లల్లో ఆ సలహా పనిచేస్తుంది. మీ ఇంట్లో జరిగింది వేరు. 'అన్నం' బదులు 'రైస్' అనడం వల్ల వాడికి కొత్తగా వచ్చింది ఏమీ లేదు, రైస్ అనే మాట వాడికి ఎల్‌కేజీ నుంచే తెలుసు. పోయింది మాత్రం చాలా ఉంది. ఎసరు పెట్టడం, గంజి వార్చడం, దోరగా వేయించడం, పొంగకుండా మూత ఓరగా పెట్టడం, ఇలాంటివి మీ అత్తగారు వంటింట్లో తిరుగుతూ మాట్లాడుతుంటే పిల్లల చెవిన పడేవి. ఒక పని ఎందుకు చేస్తామో, చేయకపోతే ఏమవుతుందో పూర్తి వాక్యాల్లో వినేవారు. ఇప్పుడు "రైస్ తిను, వాటర్ తాగు" దగ్గర ఆగిపోయారు. ఇంగ్లీష్ పెరగలేదు, తెలుగు తగ్గింది, ఇంట్లో మాటలే తగ్గాయి.

జిమ్ కమిన్స్ అనే కెనడా పండితుడు 1979లో చెప్పిన సంగతి ఒకటుంది. ఇంటిభాషలో గట్టిపడిన ఆలోచన రెండో భాషలోకి తనతో పాటు వస్తుందన్నాడాయన. హెచ్చరిక అంటే ఏమిటో తెలిసిన పిల్లాడు 'వార్న్' కి కొత్తగా నేర్చుకోవాల్సింది ఒక్క శబ్దమే. అది తెలియని పిల్లాడు శబ్దమూ నేర్చుకోవాలి, సంగతీ నేర్చుకోవాలి. 1988లో అమెరికాలో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ బేస్‌బాల్ ఆట గురించిన ఒక వ్యాసాన్ని ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల చేత చదివించారు. చదువులో వెనకబడిన పిల్లలైనా బేస్‌బాల్ బాగా తెలిసినవాళ్లు, బాగా చదువుతూ ఆ ఆట తెలియని పిల్లలకన్నా మెరుగ్గా తిరిగి చెప్పారు. క్రికెట్ పిచ్చి ఉన్న మన పిల్లల్ని చూస్తే ఇది ఆశ్చర్యం అనిపించదు లెండి.

మీ వాడికి వరద గురించి చెప్పగలిగిన మనిషి ఇంట్లోనే ఉన్నారు. మీ మావగారి వయసువాళ్లకి 1986 ఆగస్టు వరద కళ్లకి కట్టినట్టు గుర్తుంటుంది. గట్టు ఎక్కడ గండి పడుతుందో అని రాత్రిళ్లు కాపలా కాయడం, గొడ్డూ గోదాని మెరకకి తోలుకుపోవడం, లంకల్లోంచి జనాన్ని పడవల మీద దాటించడం, ఆ తరం చెప్పుకునే కబుర్లు ఇవే. ఇవి విన్న పిల్లాడికి గట్టు అంటే ఏమిటో, అది తెగితే ఏమిటో తెలుస్తుంది. తర్వాత పుస్తకంలో ఆ 'బ్యాంక్' కనిపించినప్పుడు డబ్బులు గుర్తురావు. బోదె, తూము, దాళ్వా పల్లెటూరి మాటలనుకున్నారు గానీ, ఇలాంటి సేద్యం మాటల్నే జిల్లా జిల్లాకీ తిరిగి రైతుల నోటి నుంచి సేకరించి, భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటంగా అచ్చువేశారు. నీటిపారుదల పాఠం మీ వాడికి రేపో మాపో వస్తుంది. పంట బోదెలో నీళ్లు తూము దగ్గర ఎలా తిప్పుతారో చూసినవాడికి అందులో సగం ముందే వచ్చినట్టు.

ఇంట్లో తెలుగు, చదువుకునే ఇరవై నిమిషాలు రెండు భాషలూ అని పెట్టుకోవచ్చు. లేదా మీకు ఇంగ్లీష్ మాట్లాడాలని సరదాగా ఉంటే రాత్రి ఒక ఆటలాగా పది నిమిషాలు పెట్టుకోవచ్చు, మీ తప్పులకి వాణ్ణి దిద్దనివ్వండి, భలే ఇష్టపడతారు పిల్లలు. ఇప్పుడున్న నియమాన్ని ఇలాగే ఉంచితే మాత్రం పిల్లలు పెద్దవాళ్లతో మాట్లాడటమే తగ్గించేస్తారు. అది ఒకసారి అలవాటైతే తిప్పడం కష్టం.

మావగారితో ఏమని చెప్పుకోవాలన్నారు. ఉత్తి క్షమాపణ చెబితే "దానికేముందమ్మా" అని కొట్టిపారేసి మళ్లీ అరుగు మీదకే వెళ్లిపోవచ్చు. ఏమీ అనకుండా "వీడికి వరద సంగతి చెప్పండి" అని పని అప్పగిస్తే, అవసరం పడింది కాబట్టి వచ్చిందనుకోవచ్చు. రెండూ కలిపి చెప్పడం మేలు. "ఆరోజు నేను అలా అనకుండా ఉండాల్సింది మావయ్యా. మీరు చెబితే వాడికి పాఠం అర్థమవుతుంది, నేను చెబితే కావడం లేదు." ఇది నిజమే కాబట్టి నోరు తడబడదు. ఆయన మొదలుపెట్టాక మధ్యలో దూరి "దీన్ని ఇంగ్లీషులో ఏమంటారు నాన్నా?" అని పిల్లాణ్ణి అడగకండి. కబురు కబురుగానే ఉండాలి. పుస్తకం పని మర్నాడు చూసుకోవచ్చు. అత్తగారి దగ్గర ఇంత మాట్లాడక్కర్లేదు. పిల్లలకి అన్నం మీరే పెట్టండి అత్తయ్యా అంటే అర్థమైపోతుంది.

మీ ఆయన సంగతి. హైదరాబాదు పిల్లాడు రోజంతా ఇంగ్లీష్ వింటాడు కాబట్టి మాట్లాడతాడు. ఆ పిల్లాడు పుస్తకం చదివి ఎంత అర్థం చేసుకుంటాడో మీకూ తెలియదు, మీ ఆయనకీ తెలియదు. దాళ్వా అంటే ఏమిటో వాణ్ణి అడగమని చెప్పాలనిపించింది గానీ వద్దు, పాపం వాడేం చేశాడు. దానికన్నా మీ ఆయనకో పని చెప్పండి. ఆక్సిజన్, పీహెచ్, సెలినిటీ, ప్రోబయోటిక్ అంటూ చెరువు గట్టున రోజంతా ఆయన మాట్లాడేవి పై తరగతుల సైన్సు మాటలే. ఆదివారం చెక్ ట్రే లాగేటప్పుడు వాణ్ణి పక్కన ఉంచుకుని, మేత ఎంత మిగిలిందో ఎందుకు చూస్తారో, కౌంటు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలో, ఎలా లెక్కేస్తారో చెప్పమనండి. ఆయనకి ట్యూషన్ చెప్పడం రాదనుకుంటున్నారేమో గానీ, ఇది వచ్చు.

పాప విషయంలో మీ ప్రశ్నకి సూటిగా చెప్పవచ్చు. రెండూ కలిపే నేర్పండి, కానీ ఒకే పుస్తకంలో కాదు. పాప తనంతట తాను కూడబలుక్కునే పుస్తకంలో తనకి తెలిసిన మాటలే ఉండాలి. 'కొ', 'బ్బ', 'రి' అని ఒక్కోటీ పలికి, "కొబ్బరి!" అని తనే గుర్తుపట్టినప్పుడు తాను చదివింది కరెక్టేనని ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలుస్తుంది. అదే 'ఖడ్గం' అని కష్టపడి పలికిందనుకోండి, ఆ మాటే వినని పిల్లకి సరిగ్గా చదివానో లేదో ఎలా తెలుస్తుంది? మీ మొహం చూస్తుంది. ఇంగ్లీషూ అంతే, అక్షరాలు కలుపుకుంటున్న సమయంలో అర్థాల కోసం ఆపకండి.

కొత్త మాటలకి వేరే పుస్తకం పెట్టుకోండి, మీరు చదివి వినిపించేది. అందులో తన వయసుకి మించిన మాటలున్నా ఫర్వాలేదు, రాజుగారు అలిగినా, నక్క జిత్తులు పన్నినా బొమ్మ చూపించి ఒక ముక్క చెప్పి ముందుకు సాగవచ్చు. డొనాల్డ్ హేస్, మార్గరెట్ ఆరెన్స్ 1988లో ఇంగ్లీషులో లెక్క చూస్తే, పిల్లల పుస్తకాల్లో వెయ్యి మాటలకి దాదాపు 31 అరుదైన మాటలున్నాయి. కాలేజీ చదువులు చదివిన పెద్దవాళ్లు మాట్లాడుకునేటప్పుడు 17 మాత్రమే. అంటే రోజువారీ మాటల్లో ఎప్పటికీ తగలనివి బొమ్మల కథలో తగులుతాయి. చెవికి అలవాటైన మాట రేపు అచ్చులో కనిపించినప్పుడు పాప గుర్తుపడుతుంది. చదవడం పూర్తిగా వచ్చేదాకా మాటలు ఆపితే ఈ రెండు మూడేళ్లూ వృథా అవుతాయి.

బాబుకి కూడా వినిపించండి. చదవడం వచ్చేసింది కదా అని మానేస్తారు చాలామంది. ప్రథమ్ బుక్స్ వాళ్ల వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో పిల్లల కథలు ఉచితంగా ఉన్నాయి, చాలా కథలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ దొరుకుతాయి, నాలుగు స్థాయిలుగా విడదీసి ఉంటాయి. ముందు తెలుగులో చదివి, రెండు రోజులు పోయాక అదే కథ ఇంగ్లీషులో చదవండి. కథ ముందే తెలుసు కాబట్టి మాటల మీద దృష్టి నిలుస్తుంది. మీ ఇంగ్లీష్ ఉచ్చారణ గురించి బెంగ వద్దు. ఫోన్ చేతికిస్తే ఇంకోటి చూస్తాడనుకుంటే అచ్చు పుస్తకాలు ఉన్నాయి, 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థవి, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్లవి తక్కువ ధరకే వస్తాయి.

ఆ ప్యాకేజీ కొనకండి. మూడు వేల మాటలూ ఇప్పుడు మీ నోట్సులో ఉన్న మాటల్లాంటివే, కాకపోతే రంగుల్లో ఉంటాయి. "మా వారిని అడగాలి" అని వాయిదా వేస్తే అమ్మేవాడు మళ్లీ వస్తాడు, వద్దని చెప్పేయండి. పాపకి బొమ్మల కోసం ఫ్లాష్ కార్డులు సరదాగా ఉంటాయనుకుంటే అవి విడిగా ఒక సెట్టు కొనుక్కోండి చాలు. మీ దగ్గర్లోని శాఖా గ్రంథాలయంలో పిల్లల పుస్తకాలు ఏమున్నాయో ఒకసారి వెళ్లి చూడండి. ఇద్దర్నీ తీసుకెళ్లండి. ఏ పుస్తకం తీసుకోవాలో బాబునే ఎంచుకోనివ్వండి, వాడి వయసుకి చిన్నదైనా, ముందే చదివేసిందైనా సరే.